యంత్రనాదము, ఆరుబయలు

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనము 1939వ సంవత్సరమున ప్రారంభోత్సవము జరుపుకొనినది. బెల్జియము దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన గావించిన ఆ గ్రానైటు సౌధము ముందటి బయలున, మాఘమాసపు సాయంకాలమున, కొన్ని వందలమంది శ్రోతలు పచ్చికపై కూర్చుండియుండగా, వీణయు వేణువును వయొలినును లేని వేదికపై సింథసైజరులు మాత్రమే నిలిచి, ఒక్క మృదంగము తోడుగా, త్యాగరాజస్వామి కృతులను పలికించుచున్నవని పాఠకుడు భావించుగాక. ఇది ఊహాకల్పితమైన కచేరీయే. అయినను ఇందు ఎదురుపడు చిక్కులలో శాస్త్రము కొలిచి చూడజాలనిది యొక్కటియు లేదు. వాద్యకుని వ్రేలినుండి ధ్వనివర్ధకము వరకు తీగలలో ఒక దారి, ధ్వనివర్ధకమునుండి శ్రోత చెవి వరకు గాలిలో మరియొక దారి, ఈ రెండింటిని స్వరము నడువవలసియున్నది. మొదటి దారిలో యంత్రమునకు గమకము నేర్పవలెను; రెండవ దారిలో గాలియు రాయియు రాత్రి చల్లదనమును స్వరమును ఏమి చేయునో ఎరుగవలెను. ఈ రెండు విద్యలును కూడివచ్చిననాడే అట్టి కచేరీ సంగీతమనిపించుకొనును.

శాస్త్రీయ సంగీతమును విద్యుద్యంత్రముపై తిరిగి పలికించుట నేటి ముచ్చట కాదు. అమెరికా దేశమున రాబర్ట్ మూగ్ 1964లో తన సింథసైజరు యంత్రమును విద్వద్గోష్ఠి యెదుట ప్రదర్శింపగా, నాలుగేండ్లకు, 1968లో, సంగీతకారిణి వెండీ కార్లోస్ ఆ మూగ్ యంత్రముపైననే జర్మను సంగీతాచార్యుడు బాఖ్ రచనలను వాయించి 'స్విచ్‌డ్-ఆన్ బాఖ్' అను గ్రామఫోను రికార్డును వెలువరించెను. అది లక్షలకు లక్షలు అమ్ముడుపోయి, సింథసైజరు అనునది విచిత్ర శబ్దములు చేయు పరికరమే గాక సంగీత వాద్యమని కూడ లోకమునకు చాటినది. అయితే అది కచేరీ కాదని గుర్తింపవలెను. నాటి మూగ్ ఏకకాలమున ఒక్క స్వరమును మాత్రమే పలుకగలదు; బాఖ్ రచనలలోనో మూడు నాలుగు గాత్రములు ఒకదానితో నొకటి అల్లుకొని సాగును. కార్లోస్ ఒక్కొక్క గాత్రమును వేర్వేరుగా వాయించి, ఎనిమిది పట్టీల టేపు యంత్రముపై ఒకదాని ప్రక్క నొకటి చేర్చి, మాసములతరబడి ఆ నాదసౌధమును నిర్మింపవలసివచ్చెను. మరుసటి యేడు, 1969 ఆగస్టు 28న, న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల ఉద్యానమున నాలుగు మూగ్ యంత్రములతో ఆరుబయట ప్రత్యక్ష కచేరీ జరిగినది. అందు వాయించినది జాజ్ సంగీతము. ఆ యేడే మన దేశమునకును మూగ్ యంత్రము వచ్చెను: అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో ఒక యంత్రమును నెలకొల్పగా, సంగీతజ్ఞురాలు గీతా సారాభాయి మొదలగువారు దానిపై ప్రయోగములు చేసిరి. ఇక శాస్త్రీయ సంగీతమును సింథసైజరుపై మలచి ఆకాశము క్రింద మహాజనసభకు వినిపించిన ఘనత జపాను దేశపు ఇసావో తొమితాకు చెందవలెను. ఆయన 1974లో ఫ్రెంచి సంగీతకారుడు దెబుసీ రచనలను యంత్రముపై మలచి ప్రఖ్యాతి గాంచి, 1984లో ఆస్ట్రియా దేశపు లిన్ట్స్ నగరమున, దాన్యూబు నదీతీరమున, వేలాది శ్రోతల నడుమ తన సంగీతమును నినదింపజేసెను. అక్కడ నదియే సభామందిరము.

పాశ్చాత్యులకు బాఖ్ మొట్టమొదట చేతికి చిక్కుట యాదృచ్ఛికము కాదని నా యభిప్రాయము. ఆ సంగీతమున, ముఖ్యముగ మెట్లవాద్యములకై వ్రాసినదానిలో, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు పోవుట గంతు వంటిది. స్వరము ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో వ్రాతలోనే తేటపడును. మూగ్ యంత్రము సరిగా ఇట్టి సంగీతమునకే తగియున్నది. దాని లోపలి నిర్మాణమును కొంచెము చూతము. మొదట ఒక ఆసిలేటరు, విద్యుత్తును సెకనుకు కొన్ని వందల పర్యాయములు హెచ్చించి తగ్గించి, అతిస్వరములతో, అనగా మూలస్వరపు పౌనఃపున్యమునకు రెట్లుగ మ్రోగు స్వరములతో, నిండిన మోటు నాదమును పుట్టించును. పిదప ఫిల్టరు అను భాగము ఆ అతిస్వరములలో పైవానిని కొన్నిటిని కోసివేసి నాదమునకు మెరుపునో మెత్తదనమునో కల్పించును. చివరగా ఎన్వెలప్ అను భాగము నాదము ఎంత త్వరగా లేచి, ఎంతవరకు దిగి, ఎచట నిలిచి, ఎట్లు చల్లారవలెనో శాసించును. ఈ మూడింటిని శాసించునది విద్యుత్పీడనము. మూగ్ యంత్రమున ఒక వోల్టు పీడనము హెచ్చినచో స్వరము సరిగా ఒక స్థాయి పైకెక్కును. స్వరమును వోల్టులుగా మార్చిన ఈ ఒడంబడిక వలననే ఏ భాగమునకైనను ఏ భాగమునైనను తీగతో తగిలించి వాద్యకుడు క్రొత్త నాదములను సృజింపగలిగెను.

వాద్యముయొక్క గుర్తు దాని నిలకడ నాదములో నున్నదని సామాన్యముగ తలంతుము. కాని 20వ శతాబ్ది తొలి దశకములలో జర్మను విద్వాంసుడు కార్ల్ స్టుంఫ్ వాద్యనాదముయొక్క ఆదిభాగమును తొలగించి మిగిలినదానిని మాత్రమే వినిపించి చూడగా, చెవి తేరినవారు సైతము ఏది యే వాద్యమో పోల్చుకొనుటకు తడబడిరి. అనగా మీటిన క్షణమున, ఊదిన క్షణమున, సెకనులో పదవ వంతునకు లోపల జరుగు కల్లోలములోనే వీణ వీణయై, వేణువు వేణువైయున్నదన్నమాట. ఈ సత్యమును తెలిసికొనిన పిదపనే యంత్రములు మనస్సునకు హత్తుకొను నాదమును పలుకజొచ్చినవి. 1983లో కెవిన్ కార్ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ అను నిరువురు ప్రకటించిన పద్ధతి ఇందు కడు రమణీయమైనది: చిన్న రొదను ఒక జ్ఞాపకవలయములో తిరుగవిడిచి, ప్రతి చుట్టుకును పొరుగు విలువల సగటును తీసికొనుచుండగా, రొదలోని కరకుదనము క్రమముగ కరగిపోయి, తంత్రి మీటిన నాదము దానంతట అది వెలువడును. తంత్రిలో అలలు ఇటునటు పరుగెత్తుచు కొనలయొద్ద శక్తి కోల్పోవు తీరునే ఆ లెక్క అనుసరించుచున్నది గాన అట్లగుచున్నది. వీణానాదమును టేపుపై పట్టి అంటించుటకంటె, తంత్రి ధర్మమును గణితమున నిలుపుట యుత్తమమని నేను నమ్ముచున్నాను.

ఇక మన రాగమున కెదురగు చిక్కునకు వత్తము. కీబోర్డు మెట్లు స్థాయిని పండ్రెండు సమభాగములుగ పంచికొనినవి. ఒక్కొక్క మెట్టు క్రింది మెట్టునకు 1.0595 రెట్లు. షడ్జమునకు మూడు బై రెండు నిష్పత్తిలో నుండవలసిన పంచమమునకు ఈ పంపకమున కలుగు నష్టము లెక్కింపదగినది కాదు. అంతరగాంధారమునకు మాత్రము నష్టము చెవికి తగులును. షడ్జమునకు అయిదు బై నాలుగు నిష్పత్తిలో నిలువవలసిన ఆ స్వరము సమభాగపు మెట్టుపై సుమారు నూటికి 0.8 వంతు హెచ్చియుండును. ఒకటి శ్రుతిలో కూర్చుకొనిన తంబుర మంద్రషడ్జమున 654 హెర్ట్జ్‌లు గల అయిదవ అతిస్వరము సహజముగ మ్రోగుచుండగా, మెట్టునుండి పుట్టిన గాంధారముయొక్క రెండవ అతిస్వరము 659 వద్ద పలుకును. రెండును ఢీకొని సెకనుకు అయిదు పర్యాయములు విస్పందనము పుట్టును. శ్రుతిశుద్ధి గల చెవికి అది ముల్లు. ఆకాశవాణి 1940 మొదలు 1971 వరకు హార్మోనియమును తన కచేరీలనుండి వెలివేయుటకు ఇట్టి లోపములే కారణములుగ చూపబడినవి. యంత్రమున నున్న సౌకర్య మేమనగా, ఏ మెట్టునకు ఏ పౌనఃపున్యము కావలెనన్నను దానిని మార్చి యుంచుకొనవచ్చును. కనుక ఈ దోషమును సవరించుట నేడు సులభసాధ్యము.

సులభసాధ్యము కానిది గమకము. తోడి రాగమున గాంధారమును గాయకుడు పలుకుచుండగా దానిని కొలమానములపై పట్టి చూచినచో, గాంధారస్థానమున స్వరము నిలిచియుండుట కానరాదు. ఋషభము దెసనుండి మధ్యమము దెసకు ఊగుచు, ఆ ఊపులో ఎచటనో మన మనస్సు గాంధారమును గ్రహించును. సంగీత పాఠమున అక్షరము ఒక్కటియే. చెవిన పడునది ఒక వంపు. కర్ణాటక సంగీతమున స్వరమునకు స్థానముకంటె నడక ముఖ్యమని దీనివలన తేలుచున్నది. మెట్టును నొక్కి విడుచుట మాత్రమే తెలిసిన యంత్రము ఎన్ని నాదములను పోత పోసినను తోడి పలుకజాలదు.

ఇట్టి చిక్కును మన తెలుగుగడ్డపై ఒక బాలుడు మరియొక వాద్యముపై పరిష్కరించిన వృత్తాంతము ఇచట స్మరణీయము. పశ్చిమగోదావరి మండలమున పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చేపట్టిన మాండొలిను, పాశ్చాత్య రూపమున, నాలుగు జతల తంత్రులతో, మీటగనే చల్లారు చిటికెడు నాదము గలది. గమకము పట్టుటకు నాదము నిలువవలెను. జంటతంత్రులను ఒక్క వ్రేలితో సమముగ లాగుట కష్టము. ఆయన జతలను విడిచి అయిదు ఒంటి తంత్రులను అమర్చికొని, విద్యున్మాండొలినును యాంప్లిఫయరునకు తగిలించి నాదమునకు ఆయుర్దాయము పెంచెను. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి చూపుచుండగా, గాత్రముయొక్క వంపునే తంత్రిపై దింపుకొనెను. 1978లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవములలో తొమ్మిదేండ్ల ప్రాయమున ఆయన తొలి కచేరీ జరిగినది. విద్యుత్తు సంగీతమును చెరచునను భయమును ఆ కచేరీలవలె పోగొట్టిన వాదము వేరొకటి నాకు కానరాదు. నాదమునకు ఊపిరిని విద్యుత్తు ఇచ్చినది. వంపును వ్రేలే ఇచ్చినది.

సింథసైజరుపై ఆ వంపు నిచ్చుటకు మొదట దొరకిన సాధనము పిచ్ బెండ్ అను చిన్న చక్రము. కుడిచేయి మెట్లపై నుండగా ఎడమచేతి బొటనవ్రేలు దానిని ముందు వెనుకలకు త్రిప్పును. మద్రాసున కె. సత్యనారాయణన్ కీబోర్డుపై కర్ణాటక కచేరీలు చేయుచు, ఆ చక్రముతోనే గమకములు పలికింతురు. 1983లో వాద్యయంత్రములకు ఉమ్మడి భాషగ ఏర్పడిన మిడి పద్ధతిలో ఈ చక్రపు కదలికకు 16,384 అంతస్తులున్నవి; సామాన్యముగ అవి అటు రెండు ఇటు రెండు అర్ధస్వరముల మేర విస్తరించియుండును గాన, అంతస్తునకు అంతస్తునకు నడుమ నుండు భేదమును ఏ చెవియు పట్టజాలదు. కాగా ఇచట లోప మంతస్తులలో లేదు. ఒక చేయి స్వరమును, వేరొక చేయి దాని వంపును పలుకవలసివచ్చుటలో నున్నది. వైణికుని ఎడమచేతి వ్రేలు ఒక్కటియే ఈ రెండు పనులను ఒక్క స్పర్శలో నెరవేర్చుచున్నది. అందువలన మెట్లను పూర్తిగ విడనాడి, మెత్తని పలకపై వ్రేలు జారినకొలది స్వరము జారు వాద్యములు పుట్టినవి. లిపోల్డ్ హాకెన్ నిర్మించిన కంటిన్యువమ్ ఇట్టిదే, ఎ.ఆర్. రెహమాన్ దానిని 'ఢిల్లీ-6' చిత్రమునకు వాడినారు. ప్రతి వ్రేలి వంపును విడివిడిగ చేరవేయుటకై మిడి పద్ధతికే 2018లో ఒక అనుబంధము ఏర్పడినది. 1982లో బొంబాయి వాద్యకుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ టీబీ-303 యంత్రము తోడుగ రాగములను వాయించి రికార్డు చేసినప్పుడు, ఆ చిన్న యంత్రమున స్వరమునుండి స్వరమునకు జారు మీట యొకటి యుండుట ఆయనకు ఎంత యుపకరించినదో విన్నవారికి తెలియును.

నా మట్టుకు, ఈ వాద్యకులు వీణకంటె నాదస్వరమును గురువుగ నెంచుట మేలు. ప్రకాశము జిల్లా కరవది గ్రామమున పుట్టిన షేక్ చిన మౌలానా వాదనమును శ్రద్ధగ విన్నవారికి కారణము వేరుగ చెప్పనక్కరలేదు: ఊపిరియు పెదవియు రంధ్రమును సగము మూయు వ్రేలును కలిసి అచ్చట స్వరమును వంచుచున్నవి, బలమును వంచుచున్నవి, నాదపు వన్నెను సైతము వంచుచున్నవి. ఈ మూడు వంపులును ఏకకాలమున జరుగును. సింథసైజరులో ఆసిలేటరు, ఎన్వెలప్, ఫిల్టరు అను మూడు భాగములున్నవని పైన చెప్పితిని. ఊపిరితో నడుచు సాధనమొకటి అమర్చి ఆ మూడింటిని ఒక్క ఊపిరికి కట్టివేసినచో, యంత్రము నాదస్వరమును అనుకరింపకయే దాని నడకను నేర్చుకొనగలదు. పైగా నాదస్వరము పుట్టుకతోనే ఆరుబయటి వాద్యము.

కచేరీకి ఆధారమగు శ్రుతి మాట యొకటి మిగిలియున్నది. ఉస్మానియాకును ఈ విషయమునకును ఒక చుట్టరికము కలదు. 1952 నుండి 1957 వరకు ఈ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులుగ నుండిన సూరి భగవంతము, నాటి కృష్ణామండలపు ఆగిరిపల్లెలో జన్మించి, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ యొద్ద చేరిన భౌతికశాస్త్రవేత్త. ఆయన గురువైన రామన్ తనకు పేరు తెచ్చిన కాంతి పరిశోధనకు ముందే, 1920, 1921 సంవత్సరములలో, మృదంగమును తంబురను వీణను పరీక్షించియుండెను. తంత్రిని దాని అస్పందన బిందువున మీటినచో ఆ బిందువు గల అతిస్వరములు పలుకవని పాశ్చాత్యుల సిద్ధాంతము. తంబురలోనో, వంపు తిరిగిన మేరువుపై తంత్రి తాకుచు లేచుచు నుండుటవలన, పలుకరాని అతిస్వరములు కూడ బలముగ పలుకుచున్నవని రామన్ చూపెను. తంత్రి క్రింద దారమును జరిపి, నాదమునకు మెరుపు నిచ్చు జీవను పట్టుట ఆ తాకిడిని సవరించుటయే. కనుక నిలకడ నాదములను నాలుగింటిని చేర్చినంత మాత్రమున యంత్రమున తంబుర పుట్టదు; ప్రతి మీటునందును అతిస్వరములు ఒకదాని తరువాత నొకటి విచ్చుకొను క్రమమును యంత్రము పాటింపవలెను. బెంగుళూరున జి. రాజనారాయణ్ 1979 నుండి నిర్మించిన విద్యుత్తంబురలను ఇంటింట వాడుచున్న మనము ఈ మాటను మరువరాదు.

ఇప్పుడు స్వరము తీగను విడిచి గాలిలోనికి వచ్చినది. గోడలు లేని చోట ప్రతినాదము లేదు. ధ్వని ముందుకు పోయినదే గాని తిరిగి రాదు. దూరము రెట్టింపైనకొలది 6 డెసిబెళ్ళు తగ్గును. సభామందిరమున గోడలు ఉచితముగ నిచ్చు నిండుదనమును ఇచట యంత్రమే కల్పింపవలెను, అదియు కొంచెముగా. లేనిచో గమకపు అంచులు అలికివేసినట్లగును. వేదిక వెనుకనున్న గ్రానైటు గోడ మాత్రము ధ్వనిని దాదాపు పూర్తిగ త్రిప్పికొట్టును. వర్ధకములు ముందుకే చూచుచున్నను, 3 మీటర్లకు మించిన తరంగదైర్ఘ్యము గల మంద్రనాదము పెట్టెను చుట్టి వెనుకకును పోవును. గోడ 30 మీటర్ల వెనుక నున్నచో అది సెకనులో ఆరవ వంతునకు పైగ ఆలసించి తిరిగివచ్చి, మృదంగపు ఎడమవైపు తొప్పిపై ప్రతి దెబ్బను రెండుగా చేయును. వెనుకకు తిప్పిన మరియొక పెట్టెకు లెక్కించిన ఆలస్యముతో వ్యతిరేక సంకేతము నిచ్చి ఆ మంద్రమును అచ్చటనే చంపవచ్చును.

వెనుక వరుసలవారికై 70 మీటర్ల దూరమున వేరొక జత వర్ధకములు నిలిపినచో, వేదికనుండి గాలిలో ధ్వని అచటికి చేరుటకు సెకనులో అయిదవ వంతు పట్టును. తీగలో సంకేతము క్షణమాత్రమున చేరును. కావున ఆ వర్ధకములను అంతసేపు ఆపియుంచవలెను. మరి 10, 15 మిల్లీసెకన్లు అదనముగ ఆపినచో, చెవి తొలుత వచ్చిన ధ్వని దెసనే సంగీతము వచ్చుచున్నదని నమ్మును. హెల్ముట్ హాస్ 20వ శతాబ్ది నడుమ పరిశోధించిన ఈ చెవి ధర్మము లేకపోయినచో పెద్ద మైదానములలో సంగీతసభలు అసాధ్యములు.

పచ్చిక దాటి పొరుగునున్న తార్నాక నివాసప్రాంతము వైపునకు పోవుదము. 20 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు నడచును, డిగ్రీకి 0.6 మీటరు చొప్పున వేగము మారును. పగలు నేల వేడెక్కియుండుటచే క్రిందిగాలిలో ధ్వని వేగిరపడి ఆకాశమువైపు వంగిపోవును. ప్రొద్దు గ్రుంకిన పిదప నేల చల్లబడి, చల్లనిగాలి అడుగునను వెచ్చనిగాలి పైనను చేరగా, పైకెగసిన ధ్వని తిరిగి భూమివైపు వంగి దూరముగ పోయి దిగును. 1961లో స్థాపితమై తార్నాకకు ఆనుకొనియున్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారు భూకంప తరంగములలో నిత్యము చదువు వక్రీభవనము ఇదియే. లోతునకు పోయినకొలది వేగము హెచ్చుటచే భూగర్భతరంగము వంగి మరల ఉపరితలమునకు వచ్చును. 10 మీటర్ల వద్ద 95 డెసిబెళ్ళుగ నున్న సంగీతము కిలోమీటరు దూరమున, దూరముచేతనే, 55కు దిగును. నివాసప్రాంతములకు 2000వ సంవత్సరపు శబ్దనియమావళి పగటికి విధించిన హద్దు సరిగా అంతే. రాత్రి హద్దు 45. చల్లనిగాలి ధ్వనిని క్రిందికి వంచు సాయంకాలమున ఈ లెక్కకు మించి వినబడవచ్చును గాన, రాత్రి 10 గంటలకు ఆరుబయట ధ్వనివర్ధకములు ఆగవలెనను నియమమును సంగీతప్రియులును గౌరవింపవలెను. 8,000 హెర్ట్జ్‌ల తారనాదమును ఆ దూరమున గాలియే మ్రింగివేయును; 100 హెర్ట్జ్‌ల నాదమును తాకనైన తాకదు. తార్నాక మేడలపై నున్నవారికి తోడి గాంధారపు వంపు చేరదు. తంబుర అడుగు హోరును తొప్పిదెబ్బయు చేరును. వారియందు దయ గలవాడు మంద్రమును మితముగ నుంచును.

తుదకు తిరిగి వేదికయొద్దకు వత్తము. అచట చేయవలసిన యేర్పాటొకటి కలదు; పలువు రుపేక్షించునది. సింథసైజరు వ్రేలిస్పర్శను లెక్కగట్టి నాదముగ మార్చుటకు 5 నుండి 10 మిల్లీసెకన్లు తీసికొనును. గాలిలో 3.4 మీటర్ల దూరమునకు మరి 10 పట్టును. నిమిషమునకు 80 క్రియల నడకలో, క్రియకు ఎనిమిది స్వరములు పడు వేగమున ఒక్కొక్క స్వరమునకు దక్కునది 94 మిల్లీసెకన్లు. అందు 20 పోయినచో కల్పనస్వరములు ముక్తాయింపునకు చేరునప్పటికి మృదంగముతో పొత్తు కుదరదు. కావున మృదంగవిద్వాంసుని వాద్యకునికి రెండు మీటర్ల లోపుననే కూర్చుండబెట్టి, యంత్రనాదము వినబడు చిన్న వర్ధకమును ఆయన మోకాలి యొద్దనే యుంచవలెను.